డాక్యుమెంటరీ తీయడంపై అపోహలు, వాస్తవాలు: సంతకం తర్వాత మొదలయ్యే అనుమతి

సామాజిక అంశాలపై సొంతంగా డాక్యుమెంటరీలు తీయడం మొదలుపెట్టి పదిహేనేళ్లయింది. ఈ రంగంలోకి రావాలనుకునే వాళ్లు అడిగే ప్రశ్నల వెనక కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తుంటాయి. అవి ఒకప్పుడు నావి కూడా. వాటిని వదిలించుకోవడంలో నేను చేసిన ఆలస్యం నాకంటే ఎక్కువగా నా కెమెరా ముందు కూర్చున్న వాళ్లను ఇబ్బంది పెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డాక్యుమెంటరీ అంటే ఉన్నది ఉన్నట్టు చూపించడం.

తొలినాళ్ల నుంచే అది అలా లేదు. కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో బతికే ఇన్యుట్ ప్రజల మీద 1922లో వచ్చిన రాబర్ట్ ఫ్లాహెర్టీ సినిమా ‘నానూక్ ఆఫ్ ది నార్త్’లో మంచు ఇంటి లోపల కెమెరాకు వెలుతురు చాలలేదు. అందుకని ఒక వైపు తెరిచి ఉంచిన ఇంటిని కట్టించి చిత్రీకరించారు. నానూక్‌గా కనిపించిన మనిషి అసలు పేరు అల్లాకరియల్లాక్. అప్పటికే తుపాకులు వాడుతున్న వాళ్ల చేత పాత పద్ధతిలో ఈటెలతో వేటాడించారు.

అలాంటివి ఏవీ చేయకపోయినా, అరవై గంటల ఫుటేజ్‌ను ఒక గంటకు కుదించేటప్పుడు ప్రతి కోతా మన నిర్ణయమే. ఒక పెద్దాయన ప్రశ్న విని, నాలుగు సెకన్లు ఆగి, “లేదు” అన్నారనుకోండి. ఆ నాలుగు సెకన్లు తీసేస్తే ధీమాగా చెప్పినట్టు ఉంటుంది. ఉంచితే ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. మాట మాత్రం అదే. ఏది ఉంచాలో తేల్చుకోవాలంటే ఆయన మామూలుగా ఎలా మాట్లాడతారో మనకు తెలిసి ఉండాలి. భోజనం చేశారా అని అడిగినా అలాగే ఆగి జవాబిచ్చే మనిషే అయితే, ఆ మౌనాన్ని అనుమానంగా చూపించడం అబద్ధం చెప్పడమే. ఆ మాత్రం తెలియాలంటే కెమెరా సంచిలోనే పెట్టి వాళ్లతో చాలా రోజులు గడపాలి. ఈ పనిలో ఎక్కువ కాలం పట్టేది అదే.

అపోహ: మంచి కెమెరా కొంటే సగం పని అయినట్టే.

ముందు మైక్ కొనండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకులు సర్దుకుంటారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. ఇంటర్వ్యూ అయ్యాక అందరినీ ఒక నిమిషం కదలకుండా కూర్చోమని ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోండి. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకు తెలియకుండా పరచడానికి అది తప్ప మరొకటి పనికిరాదు.

అపోహ: అనుమతి పత్రం మీద సంతకం పెట్టారు కాబట్టి ఇక మన ఇష్టం.

పత్రం అవసరమే. అది లేకుండా ప్రసార సంస్థలు సినిమా తీసుకోవు. కానీ సంతకం పెట్టే రోజున తాను తెర మీద ఎలా కనిపించబోతున్నారో ఆ మనిషికి తెలియదు. నిజానికి మనకూ తెలియదు.

పనిచేసే చోట జరిగిన ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒకావిడ గురించి సినిమా తీశాను. రఫ్ కట్‌ను, అంటే ఇంకా మార్పులు చేయగలిగే తొలి కూర్పును, వాళ్లింట్లోనే, నా ల్యాప్‌టాప్‌లో ఆమెకు చూపించాను. ఆమె ఏడ్చే సన్నివేశం వద్దంటారేమోనని భయపడి, దాన్ని ఎందుకు ఉంచాలో చెప్పడానికి దారి పొడవునా మాటలు కూర్చుకుని వెళ్లాను. ఆ సన్నివేశాన్ని ఆమె కళ్లార్పకుండా చూశారు. తర్వాత బీరువా తెరిచి నష్టపరిహారం కాగితాలు తీసే దృశ్యం వచ్చింది. ఆరు సెకన్లు ఉంటుందేమో. చెయ్యి చాచి ఆపమన్నారు. “కింది అర చూడండి” అన్నారు. నాకేమీ కనిపించలేదు. అక్కడ, మడతపెట్టిన దుప్పటి పక్కన, ఆమె కూతురి మందుల డబ్బా ఉంది. ఆ జబ్బు సంగతి దగ్గరి బంధువులకు కూడా తెలియదు. ఎడిటింగ్ గదిలో ఆ దృశ్యాన్ని నేను వందసార్లు చూసి ఉంటాను. ఆమె చేసిన సంతకం దానికీ వర్తిస్తుంది.

దాన్ని తీసేశాను. సినిమాకు ఏ లోటూ రాలేదు.

అప్పటి నుంచి మూడుసార్లు అనుమతి అడుగుతున్నాను: చిత్రీకరణకు ముందు, రఫ్ కట్ చూపించాక, సినిమా బయటికి వెళ్లే ముందు. పదవిలో ఉండి జవాబు చెప్పాల్సిన వాళ్ల విషయం వేరు. వాళ్లకు ఆరోపణ ఏమిటో చెప్పి, స్పందించే అవకాశం ఇస్తాను. కోతల మీద అధికారం ఇవ్వను.

అపోహ: విషయం మంచిదైతే డబ్బు దానంతట అదే వస్తుంది.

రాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగే ఇడ్ఫా వంటి ఉత్సవాల్లో నిర్మాతల ముందు మన ప్రతిపాదన వినిపించే వేదికలున్నాయి. అక్కడ కొద్ది నిమిషాలే ఇస్తారు. సమస్య ఎంత పెద్దదో చెప్పడానికే ఆ సమయం ఖర్చు చేసేవాళ్లు ఎక్కువ. వినేవాళ్లకు కావలసింది వేరు: ఆ మనుషులు మిమ్మల్ని ఎందుకు నమ్ముతున్నారు, ఈ కథ మీరే ఎందుకు చెప్పాలి. బడ్జెట్‌లో పాత ఫుటేజ్ హక్కులు, సంగీతం హక్కులు, సౌండ్ మిక్సింగ్ మొదట్లోనే రాసుకోండి. డబ్బిచ్చే సంస్థ గురించే సినిమా తీస్తుంటే, తుది కోత ఎవరి చేతిలో ఉంటుందో ఒప్పందంలో రాయించుకోకుండా ఒక్క రోజు కూడా చిత్రీకరించకండి.

అపోహ: సినిమా విడుదలైతే మార్పు వస్తుంది.

అందరూ చూపించే ఉదాహరణ 1988లో ఎరోల్ మోరిస్ తీసిన ‘ది థిన్ బ్లూ లైన్’. ఒక పోలీసు అధికారిని చంపాడని తప్పుగా శిక్ష పడి టెక్సస్ జైల్లో ఉన్న రాండల్ ఆడమ్స్ 1989లో విడుదలయ్యాడు. నిజమే. కానీ సాక్షులను వెతికి పట్టుకుని, వాళ్ల మాటల్లోని పొంతన లేనితనాన్ని బయటపెట్టిన పరిశోధన ఆ సినిమాకు వెన్నెముక. ఆ తర్వాత కోర్టులో పోరాడిన న్యాయవాదులు ఉన్నారు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. బయటికి వచ్చాక, తన జీవిత కథ మీద హక్కుల కోసం ఆడమ్స్ ఆ దర్శకుడి మీదే దావా వేశాడు. అది కోర్టు బయట పరిష్కారమైంది. నేను ప్రతి పత్రం మీద సంతకం అడిగే ముందు ఈ సంగతి గుర్తు చేసుకుంటాను.

పెద్ద హాలు చప్పట్ల కంటే, నిర్ణయం తీసుకోగలిగిన పదిమంది కూర్చున్న గదిలో వేసే ప్రదర్శన ఎక్కువ పని చేస్తుంది. ఆ పదిమంది ఎవరో చిత్రీకరణ సాగుతుండగానే రాసిపెట్టుకోండి.

చివరగా ఒకటి: సినిమా పూర్తవగానే మిగిలిన ఫుటేజ్ చెరిపేయొచ్చనుకోవద్దు. మూడు ప్రతులు ఉంచండి, ఒకటి వేరే చోట. తీసిన ఏడేళ్ల తర్వాత ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. సినిమాలో వాళ్ల నాన్న రెండు వాక్యాలే మాట్లాడారు. ఆయన ఇప్పుడు లేరు. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. వెతికితే పదకొండు నిమిషాలు దొరికింది, అందులో ఎక్కువ భాగం ఆయన నా మైక్ ఎలా పనిచేస్తుందో అడుగుతున్నదే. అంతా పంపించాను.