నా వీపు మీద గడ్డ సంగతి

గుంటూరు, బ్రాడీపేట

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీ అమ్మ ‘ట్యూమర్’ అనగానే ఇద్దరూ ఏడ్చారట కదా. ట్యూమర్ అంటే గడ్డ, అంతే. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. నాది కాదని తీసిన గడ్డని పరీక్ష చేసి చెప్పారు కూడా.

అది కుడివైపు రెక్క ఎముక కింది కొస దగ్గర, ఆ ఎముకకీ పక్కటెముకలకీ మధ్య పెరిగింది. చెయ్యి దించితే లోపల దాక్కునేది, డాబా మీద బట్టలు ఆరేస్తూ చేతులు ముందుకు చాపితే నిమ్మకాయంత బయటికొచ్చేది, ఒక్కోసారి టక్కుమనేది కూడా. నరం పట్టేసిందనుకుని రెండేళ్లు కాపడం పెట్టుకుంటూ కూర్చున్నాను, ఎవరికీ చెప్పలేదు. అది నా తప్పే.

దీని పేరు ఎలాస్టోఫైబ్రోమా. 1961లో ఫిన్లాండ్ డాక్టర్లు యార్వి, సాక్సెన్ దీని గురించి రాశారు. ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్లకి వస్తుంది, క్యాన్సర్‌గా మారదు. ఎమ్మారైలో కండలాంటి దాని మధ్య కొవ్వు చారలు చారలుగా కనిపించాయి, డాక్టరుగారు దాన్ని చూసే గుర్తుపట్టారు.

మీ తాతయ్య భుజం మీదది వేరు, కొవ్వు గడ్డ, లైపోమా అంటారు. మెత్తగా ఉంటుంది, నొక్కితే వేలి కింద జారిపోతుంది. బాధ లేదు కాబట్టి ఆయన తీయించుకోలేదు. కానీ ఏ గడ్డయినా ఐదు సెంటీమీటర్లు దాటినా, గబగబా పెరిగినా, గట్టిగా లోతుగా ఉన్నా స్కాన్ చూడకుండా కోయించుకోకూడదు, ఎందుకంటే అది ఒకవేళ క్యాన్సర్ అయితే తెలియక పెట్టిన కోత వల్ల తర్వాతి ఆపరేషన్ ఇంకా పెద్దదవుతుంది.

చెయ్యి ఎత్తినప్పుడల్లా నొప్పి వస్తోంది కాబట్టే నాకు ఆపరేషన్ చేశారు. పూర్తి మత్తు ఇచ్చి, రెక్క కింద కోసి, కండని పక్కకి జరిపి తీశారు. లైపోమాకి చుట్టూ పల్చటి తిత్తి ఉంటుంది, ఒలిచినట్టు వచ్చేస్తుంది. దీనికి అది లేదు, అందుకని చుట్టూ నెమ్మదిగా విడదీయాలి. గడ్డ తీశాక మిగిలిన ఖాళీలో నీరు, రక్తం చేరకుండా ఒక గొట్టం పెట్టారు. వీడియో కాల్లో మీరు చూసి భయపడ్డ సంచీ దానిదే. అది తీసేశాక కూడా కొన్నాళ్లు నీరు చేరవచ్చన్నారు, అందుకే పట్టీ బిగించి కట్టారు, నన్ను బకెట్ ఎత్తనివ్వలేదు.

ఎడమవైపు కూడా చిన్నది ఉంది, చాలామందికి రెండువైపులా ఉంటుందట. నొప్పి లేదు కాబట్టి దాన్ని అలాగే వదిలేశారు. సెలవులకి వచ్చినప్పుడు చేతులు చాపి చూపిస్తాను, మీరే తాకి చూద్దురు గాని.

మీ అమ్మమ్మ