“ఆఁ?” అనడానికి మొహమాటపడొద్దు

తార్నాక, హైదరాబాద్

పిల్లలూ,

మీలో మీకు మాటపట్టింపు వస్తే పెద్దవాళ్ళు చెప్పేది ఒకటే: “పోనీలే, సర్దుకుపొండి.” ఆ సలహా నాకు నచ్చదు. సర్దుకుపోయిన ఇద్దరికీ తేడా ఎక్కడొచ్చిందో తెలియదు, అందుకే నెల తిరక్కుండానే అదే గొడవ అదే చోట మొదలవుతుంది. అపార్థాన్ని పుట్టిన నిమిషంలోనే ఒక చిన్న ప్రశ్నతో పట్టుకోవచ్చు. వారం దాటిందంటే మధ్యవర్తి కావాలి. ఏ ప్రశ్న, ఎప్పుడు, ఎలా అడగాలన్నదే ఈ ఉత్తరం.

ముందు ఒక ఆట ఆడండి. ఇద్దరుంటే చాలు. ఒకరు అందరికీ తెలిసిన పాట మనసులో అనుకుని, పెదవి కదపకుండా, బల్ల మీద వేలితో ఆ పాట దరువు వెయ్యాలి. రెండోవాళ్ళు పాట చెప్పాలి. మొదలుపెట్టే ముందు, పది పాటల్లో ఎన్ని దొరుకుతాయో దరువేసేవాళ్ళ చేత కాగితం మీద రాయించండి. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ తన పరిశోధన కోసం ఇదే ఆట ఆడించింది. సగం పాటలైనా గుర్తుపడతారని దరువేసినవాళ్ళు అనుకున్నారు. విన్నవాళ్ళు గుర్తుపట్టింది 120లో 3. దరువేసేవాడి తలలో రాగం, మాటలు, వాయిద్యాలు అన్నీ మోగుతుంటాయి. వినేవాడికి అందేది టకటక ఒక్కటే. “ఇంత తేలికైన పాట కూడా తెలియదా!” అని దరువేసేవాడికి విసుగొస్తుంది. ఆ విసుగును బాగా గమనించండి, స్నేహితుల మధ్య చాలా గొడవలకి మొదలు అదే.

మీరు రాత్రి పదింటికి స్నేహితురాలికి “సరేలే” అని మెసేజ్ పెడతారు. మీ చెవిలో దాని వెనక నవ్వుంది. ఆ పిల్లకి అందింది మూడక్షరాలే. 2005లో అమెరికాలోనే ఇంకొక ప్రయోగం చేశారు. కొన్ని వాక్యాలు నిజంగా అన్నవి, కొన్ని వెటకారానికి అన్నవి. ఏది ఏదో అవతలివాళ్ళు పోల్చుకోవాలి. ఈమెయిల్‌లో పంపినా, నోటితో చెప్పినా 78 శాతం పోల్చుకుంటారని పంపినవాళ్ళ అంచనా. నోటితో చెప్తే 73 శాతం సరిగ్గా పట్టుకున్నారు, ఈమెయిల్‌లో 56 శాతమే. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 వస్తుంది కదా! అందుకే వెటకారం ఏదైనా ఉంటే ఎదురుగా ఉన్నప్పుడే చెయ్యండి. తప్పదనుకుంటే వాయిస్ నోట్ పంపండి, గొంతు కొంతైనా కాపాడుతుంది. చివర నవ్వుబొమ్మ పెడితే సరిపోతుందనుకోకండి. కోపంలో ఉన్నవాళ్ళకి నవ్వుబొమ్మ ఎగతాళిగానే కనిపిస్తుంది.

ఇక వాట్సాప్ టిక్కులు. మీ వయసువాళ్ళ అలకల్లో సగం వీటివల్లే అనిపిస్తుంది, కాబట్టి అవి ఏం చెప్తాయో ఏం చెప్పవో సరిగ్గా తెలుసుకోండి. ఒక బూడిదరంగు టిక్కు ఉంటే మెసేజ్ మీ ఫోన్ దాటింది, వాళ్ళ ఫోన్‌కి చేరలేదు. ఛార్జింగ్ అయిపోయి ఉండొచ్చు, నెట్ లేకపోవచ్చు; “నన్ను బ్లాక్ చేసింది” అనేది ఆఖరున ఆలోచించాల్సిన కారణం. రెండు బూడిదరంగువి ఉంటే ఫోన్‌కి చేరింది. రెండూ నీలమైతే ఆ చాట్ తెరుచుకుంది, అంతవరకే. తెరిచింది ఎవరన్నది టిక్కు చెప్పదు. ఫోన్ తమ్ముడి చేతిలో ఉండొచ్చు. తలకిందుల సంగతి కూడా ఉంది: పైన వచ్చే నోటిఫికేషన్‌లోనే మొత్తం చదివేస్తే టిక్కు నీలం కాదు. సెట్టింగ్స్‌లో ఈ నీలం టిక్కుల్ని ఆపేసుకున్నవాళ్ళు చదివినా మీకు బూడిదరంగే కనిపిస్తుంది. గ్రూపులో అయితే అందరూ చదివాకే నీలమవుతుంది. నలభై మంది ఉన్న క్లాస్ గ్రూపులో ఒక్కరు ఊరెళ్ళినా అది బూడిదగానే ఉండిపోతుంది. అక్కడ ఎవరు చదివారో కావాలంటే మెసేజ్‌ని నొక్కిపట్టి వివరాలు చూడాలి. ఇన్ని తెలిశాక కూడా టిక్కు చూసి మనిషి మనసు చెప్పేస్తామంటే నేనేమీ చేయలేను.

మనిషి ఆలస్యం చేసినా ఇదే లెక్క. ఎల్బీనగర్ నుంచి రావాల్సిన స్నేహితుడు అరగంట లేటైతే “వాడికి లెక్కలేదు” అంటాం. మనం లేటైతే “ట్రాఫిక్” అంటాం. అవతలివాడి పనికి వాడి గుణాన్నీ, మన పనికి పరిస్థితినీ కారణంగా చూపించే ఈ అలవాటు మీద మనస్తత్వ శాస్త్రంలో దశాబ్దాలుగా పని జరుగుతోంది. అవతలివాళ్ళని చూసేటప్పుడు పరిస్థితిని మరిచిపోయే పొరపాటుకి 1977లో లీ రాస్ అనే ఆయన ఒక పేరు కూడా పెట్టాడు. మీరు చెయ్యాల్సింది చిన్న పని: కోపం వచ్చిన వెంటనే, ఆ మనిషి గుణంతో సంబంధం లేని కారణాలు మూడు కాగితం మీద రాయండి. రెండు తేలిగ్గా వస్తాయి, మూడోదానికి ఆగి ఆలోచించాలి. ఆ ఆగడం కోసమే మూడు రాయమంటున్నాను.

అసలు విషయానికొద్దాం. ఎవరైనా చెప్పింది అందకపోతే మనం “ఆఁ?” అంటాం. ఇలాంటి పొట్టి ప్రశ్న సంబంధం లేని ఎన్నో భాషల్లో దాదాపు ఒకేలా వినిపిస్తుందని 2013లో నెదర్లాండ్స్‌లోని పరిశోధకులు చూపించారు. 2015లో దానికి ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇస్తారది. అదే బృందం 2015లో 12 భాషల మామూలు కబుర్లు రికార్డు చేసి చూస్తే, సగటున ప్రతి 84 సెకన్లకి ఒకసారి ఎవరో ఒకరు ఇలా ఆపి అడుగుతున్నారు. అంటే అర్థంకాకపోవడం అవమానమేమీ కాదు, మాట్లాడటంలో అదొక భాగం.

ఆపి అడగడంలో మూడు మెట్లున్నాయి. “ఆఁ?” మొదటిది, అవతలివాళ్ళు మొత్తం మళ్ళీ చెప్పాలి. “ఎవరు వస్తున్నారన్నావ్?” రెండోది, అందని ముక్క ఏదో మీరు చూపించారు. “అంటే, మీ చిన్నన్నయ్య వస్తున్నాడంటావా?” మూడోది, మీకు అర్థమైంది మీరే చెప్పారు, వాళ్ళు ఔననో కాదనో అంటే చాలు. ఎక్కువ పని మీరు తీసుకుని అవతలివాళ్ళకి తక్కువ మిగిల్చేది మూడోదే, వీలైనంతవరకు దాన్నే వాడండి. మనసుకి గుచ్చుకున్న మాటకీ ఇదే సూత్రం. “ఏంటలా అన్నావ్?” అన్నది మొదటి మెట్టు, పైగా అందులో నింద ఉంది. “నా డ్రాయింగ్ గురించి ‘బానే ఉంది’ అన్నావు కదా, నచ్చలేదనా, టైమ్ లేక అలా అన్నావా?” అన్నది మూడో మెట్టు. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది: రెండు దారుల్లోనూ నిందే పెట్టి అడుగుతారు. “పొగరా, కుళ్ళా?” అనేది ప్రశ్న కాదు.

మన ఊళ్ళో ఈ ప్రశ్న మరీ అవసరం. ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే అంతస్తులో మర్యాద మూడు రకాలుగా ఉంటుంది. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన ఇంట్లో తాతని “నువ్వు” అనడం ప్రేమ. పక్క ఫ్లాట్‌లో గోదావరి జిల్లా వాళ్ళకి “అండి” లేకపోతే పెంపకం బాలేదనిపిస్తుంది. వాళ్ళ “అండి” వీళ్ళకి దూరంపెట్టినట్టుంటుంది. ఎవరూ ఎవర్నీ తక్కువ చెయ్యలేదు. మొదటిసారి వెళ్ళిన ఇంట్లో “మీరు”తో మొదలుపెట్టి, ఆ ఇంటి పిల్లలు ఎలా పిలుస్తున్నారో విని, పెద్దవాళ్ళే “నువ్వు అనరా” అన్నాక మారండి.

తిండి దగ్గర ఇంకా జాగ్రత్త. మన భోజనాల్లో మొదటి “వద్దు” మర్యాద, రెండోది మొహమాటం. నిజంగా చాలనుకున్నవాడు విస్తరికి చెయ్యి అడ్డం పెడతాడు. యూనివర్సిటీలో చదవడానికి బయటిదేశం నుంచి వచ్చిన అతిథికి ఇది తెలియదు. ఆయన ఒక్కసారి వద్దంటే వద్దనే, మీ అమ్మ మూడోసారి వడ్డిస్తే ఇబ్బందిపడి తింటాడు. మీరు వాళ్ళింటికి వెళ్ళి మొదటిసారి వద్దంటే మళ్ళీ అడగకపోవచ్చు, ఆకలితో వస్తారు. ఇరాన్‌లో ఈ మర్యాద ఇంకా దూరం వెళ్ళింది: డబ్బులివ్వబోతే “అబ్బే, దానికేముంది, ఉంచండి” అని దుకాణదారు అంటాడు, మీరు బతిమాలి ఇవ్వాలి. (మన ఇరానీ హోటల్ కౌంటర్ దగ్గర ఇది ప్రయత్నించకండి.) అతిథి వచ్చినప్పుడు పద్ధతి పైకి చెప్పేయడమే మంచిది: “మా ఇంట్లో మళ్ళీ మళ్ళీ అడుగుతారు, చాలనుకుంటే ఇలా చెయ్యి పెట్టండి.”

పుట్టినరోజుకి పిలిచినప్పుడు కూడా. జైనుల ఇళ్ళలో చాలామంది సూర్యాస్తమయం తర్వాత తినరు, ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ ముట్టరు. మీరు రాత్రి ఏడింటికి కేకు కోసి సమోసాలు పెడితే ఆ పిల్లవాడు ఊరికే కూర్చుంటాడు, మీకేమో “మా ఇంట్లో తినడు” అనిపిస్తుంది. రంజాన్‌లో ఉపవాసమున్న స్నేహితురాలికి అదే ఏడు గంటలు సరిపోవచ్చు, ఇఫ్తార్ వేళ ముందే కనుక్కోండి. పిలిచేటప్పుడే రెండు ప్రశ్నలు: “ఏం తినవు? ఏ టైమ్‌లో తినవు?”

టైమ్ గురించి క్లుప్తంగా. పెళ్ళి కార్డు మీద ముహూర్తం నిమిషాలతో సహా వేస్తాం, వచ్చేవాళ్ళు మాత్రం భోజనాల వేళకి వస్తారు. పాతబస్తీలో పెళ్ళి దావత్ కార్డు మీద ఏ టైమున్నా వడ్డన రాత్రి 11 దాటాక మొదలవడం మామూలే. స్నేహితులతో “ఐదు నిమిషాల్లో వస్తా” అనకుండా “ఇప్పుడు అమీర్‌పేట మెట్రోలో ఉన్నా” అనండి. ఉన్నచోటు చెప్తే లెక్క వాళ్ళే వేసుకుంటారు.

తల ఊపడం, మౌనం ఇంకో రెండు చిక్కులు. మనం తల పక్కలకి ఆడిస్తే “ఔను” అనీ కావొచ్చు, “వింటున్నా” అనీ కావొచ్చు. కొత్తవాళ్ళు దాన్ని “కాదు” అనుకుంటారు. బల్గేరియాలో అయితే తల పైకీ కిందికీ ఊపడమే “కాదు”. తలతో పాటు నోటితో కూడా జవాబివ్వండి. మౌనం మాటకొస్తే, 2009లో పది భాషల్లో ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎడం కొలిచారు. సగటు సెకనులో ఐదోవంతు. జపాన్‌వాళ్ళు దాదాపు ఎడమే లేకుండా జవాబిస్తే, డెన్మార్క్‌వాళ్ళు అరసెకనుకి దగ్గరగా ఆగారు. ఇంత చిన్న తేడా కూడా మనసుకి తెలుస్తుంది. “ఇష్టంలేక ఆలోచిస్తోంది” అనిపిస్తుంది. మణిపూర్ నుంచో మిజోరం నుంచో వచ్చి మీ క్లాసులో చేరిన అమ్మాయి, తనకి మూడో నాలుగో భాష అయిన హిందీలో మీకు జవాబు చెప్తోంది. ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టండి, ఆ తర్వాతే రెండో ప్రశ్న.

అదే అమ్మాయిని ఎవరైనా “చైనా” అని పిలిస్తే అది అపార్థం కాదు. వద్దని చెప్పాక కూడా అంటే తెలిసే అన్నట్టు. “ఊరికే సరదాకి, నువ్వే అపార్థం చేసుకున్నావు” అనే మాట చాలాసార్లు తప్పించుకోవడానికి వాడతారు. తేడా పట్టడం కష్టమేమీ కాదు: అపార్థమైతే విషయం చెప్పగానే అన్నవాడు ఆపేస్తాడు. ఆపకపోతే ఈ ఉత్తరంలో రాసిన ప్రశ్నలేవీ అక్కడ పనిచెయ్యవు, టీచర్‌కి చెప్పండి.

ఇక వారం దాటిపోయి, మాటల్లేని దాకా వచ్చిన గొడవ. కారల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1950ల మొదట్లో చెప్పిన పద్ధతి ఒకటుంది. ఇద్దరూ నమ్మే మూడోమనిషిని కూర్చోబెట్టండి. తీర్పు చెప్పేవాళ్ళు వద్దు, ఊరికే నియమం కాపాడితే చాలు. నియమం ఒకటే: అవతలివాళ్ళు చెప్పింది వాళ్ళు “ఔను, అదే నేనన్నది” అనేలా తిరిగి చెప్పాకే మీ వంతు. ఒక్కోసారి రెండు నిమిషాలకి మించి మాట్లాడకండి, అంతకన్నా పొడుగైతే తిరిగి చెప్పడం ఎవరివల్లా కాదు. పాత గొడవలు తేవొద్దు, ఈ ఒక్కదాని గురించే. ఫోన్లు బయట పెట్టండి, స్క్రీన్‌షాట్లు తీసి చూపించడం మొదలైతే కోర్టవుతుంది. ఇందులో సాధారణంగా చెడేది తిరిగి చెప్పే చోటే. “అంటే నువ్వేదో పెద్ద మంచివాడివన్నమాట” అని మొదలుపెడతారు. మూడోమనిషి అక్కడే ఆపి, “వాడన్న మాటలే, గొంతు మార్చకుండా” అని మళ్ళీ చెప్పించాలి. ఆ పని చేసేవాళ్ళకి మీ ఇద్దరి మీదా కాస్త చనువుండాలి, మీ ఇద్దరిలో ఎవరి పార్టీలోనూ ఉండకూడదు. దొరక్కపోతే ఆదివారం పొద్దున మా ఇంటికి రండి, నేను కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య