సిగ్నల్ దగ్గర ఆగిపోయే ఇంజన్: థ్రాటిల్ సందులోని భౌతికశాస్త్రం

తన పెట్రోల్ కారు హైవే మీద ఏ ఇబ్బందీ లేకుండా పోతోందనీ, సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి ఆగేసరికి మాత్రం ఇంజన్ దానంతటదే ఆఫ్ అయిపోతోందనీ, ప్లగ్గులూ పెట్రోల్ ఫిల్టరూ మార్పించినా గుణం కనిపించలేదనీ ఒక పాఠకుడు రాశారు. అంత వేగం అందుకోగల ఇంజన్ ఊరికే తిరగలేకపోవడమేమిటన్నది ఆయన సందేహం. నిజానికి ఇంజన్‌కు అన్నిటికన్నా కష్టమైన పని ఊరికే తిరగడమే. నాలుగు స్ట్రోకుల బొమ్మ వేయించి వదిలేసే మన పాఠాలు ఈ ఐడ్లింగ్ జోలికి పోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఇందులో ఉన్నంత భౌతికశాస్త్రం ఆ బొమ్మలో లేదు.

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ పలక దాదాపు మూసుకుపోయి, దాని అంచు చుట్టూ సన్నని సందు మాత్రమే మిగులుతుంది. పిస్టన్లు అవతలి నుంచి లాగుతూనే ఉంటాయి కనుక, పలక వెనుక గాలి పీడనం బయటి పీడనంలో మూడో వంతుకు పడిపోతుంది. ఇలాంటి సందుకు ఇవతలి పీడనంలో అవతలి పీడనం సుమారు 53 శాతం కన్నా తగ్గితే, అందులోంచి దూరే గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆపైన అవతల ఎంత లాగినా సెకనుకు దూరే గాలి పెరగదు. ఆ లెక్క ఇక సందు వైశాల్యం చేతిలోనే ఉంటుంది, ఇంజన్ వేగంతో దానికి సంబంధం ఉండదు.

దీని ఫలితం అద్భుతం. ఇంజన్ కాస్త నెమ్మదిస్తే సెకనుకు పీల్చే సార్లు తగ్గుతాయి, కానీ వచ్చే గాలి మారదు. అందువల్ల ఒక్కో పీల్పుకు ఎక్కువ గాలి దక్కి, మంట బలపడి, వేగం మళ్లీ పుంజుకుంటుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్లు అమర్చి సాధించిన నియంత్రణను, భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1868లో గణితంగా రాసిన నియంత్రణను, ఇక్కడ ఒక సందు తనంతట తానే కొంతవరకు చేసి పెడుతోంది. అయితే పలక వెనుక ఉండి సిలిండర్లకు గాలి పంచే గొట్టం, అంటే మానిఫోల్డ్, నిండడానికి కొంత సమయం పడుతుంది. 750 ఆర్‌పీఎం (నిమిషానికి 750 చుట్లు) వద్ద నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో సెకనుకు 25 మంటలు, అంటే 40 మిల్లీసెకన్లకు ఒకటి. ఈలోగా వేగం పడిపోకుండా, కావాలనే ఆలస్యం చేసి ఉంచిన స్పార్కును ఇంజన్ కంప్యూటర్ తరువాతి మంటకే ముందుకు జరిపి ఆదుకుంటుంది.

ఇక ఆగే క్షణంలోనే ఎందుకు ఆగిపోతుందంటే, గేరులో ఉండగా కాలు తీసినప్పుడు కంప్యూటర్ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. వేగం ఐడ్లింగ్‌కు చేరువయ్యాక మళ్లీ పెట్రోలు ఇచ్చి, జారుతున్న ఇంజన్‌ను సరిగ్గా పట్టుకోవాలి. ఒకే సిగ్నల్ దగ్గర బండి మళ్లీ మళ్లీ ఆగితే చాలామంది దిష్టి అనుకొని నిమ్మకాయలు కడతారు. ఆ సిగ్నల్‌కు ముందు పల్లం ఉందేమో చూడమంటాను, పల్లంలో దొర్లుతూ వచ్చిన ఇంజన్‌కు ఈ పట్టు మరింత అవసరం.

1.2 లీటర్ల ఇంజన్ ఐడ్లింగ్‌లో సెకనుకు ఒకటి రెండు గ్రాముల గాలే పీలుస్తుంది. హైవే మీద గట్టిగా తొక్కితే ఇరవై గ్రాములు దాటుతుంది. అర గ్రాము తేడా అక్కడ లెక్కలోకి రాదు, ఇక్కడ ప్రాణం తీస్తుంది. నిండుగా మండే గ్యాస్ పొయ్యి కిటికీ గాలికి చలించదు, సిమ్‌లో పెట్టిన మంట అదే గాలికి ఆరిపోతుంది.

కాబట్టి మొదట చూడవలసింది థ్రాటిల్ బాడీ. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం విప్పితే, మెరిసే పలక అంచు వెంబడి గోటికి అంటుకునే నల్లటి జిగురు వలయం కనిపిస్తుంది. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్ నుంచి వెనక్కి వచ్చే ఆయిల్ ఆవిరే అలా పేరుకుంటుంది, అదే ఆ సందును పూడ్చేస్తుంది. ఇంజన్, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ క్లీనర్‌ను గుడ్డ మీద చల్లి తుడవాలి. మోటారుతో తిరిగే పలకను వేలితో బలవంతంగా తిప్పకూడదు.

తరువాతిది గాలి లీకు. గాలి బరువును కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో, సెన్సర్ దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు, మిశ్రమం పలచబడుతుంది. కారు కంప్యూటర్ లెక్కలు చూపే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలుకు కంప్యూటర్ చేసే సవరణ) ఐడ్లింగ్‌లో ప్లస్ 20 శాతం ఉండి, 2,500 ఆర్‌పీఎం వద్ద సున్నాకు దగ్గరైతే అది లీకుకు బలమైన ఆనవాలు. మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే కార్లలో మాత్రం లీకైన గాలి కూడా లెక్కలో పడుతుంది కనుక ఆర్‌పీఎం తగ్గడానికి బదులు పెరగడమే ఎక్కువ. ఆగి ఉన్న బండిలో బ్రేకు నొక్కగానే బుస్సుమని శబ్దం వచ్చి ఇంజన్ తడబడితే, మానిఫోల్డ్ పీల్పుతో బ్రేకుకు బలమిచ్చే బ్రేకు బూస్టర్ పొర చిరిగిందని అనుమానించాలి. దీన్ని వాయిదా వేయకూడదు. ఇంజన్ పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుపోయి ఇరుక్కున్నా ఐడ్లింగ్‌లో ఇంజన్ ఇలాగే ఆగిపోతుంది. వేడెక్కాక నడుస్తూ నడుస్తూ ఎక్కడైనా ఆగిపోతే మాత్రం ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ వైపు చూడాలి.

థ్రాటిల్ తుడిచాక ఇంజన్ ఒక్కసారిగా హెచ్చు వేగంతో తిరిగితే కంగారు పడనక్కరలేదు: పూడిన సందుకు సరిపడా పలకను కాస్త ఎక్కువ తెరవడం కంప్యూటర్ అలవాటు చేసుకుంది. కొన్ని కార్లలో ఆ అలవాటు నడుపుతుండగా సర్దుకుంటుంది, మరికొన్నింటికి స్కానర్‌తో ఐడిల్‌ను మళ్లీ నేర్పించాలి.