ఇసుకకు ఆరుతడి

1970లో జెరూసలేంలో కలరా వచ్చింది. దాదాపు 200 మందికి సోకింది. దాని దారి వెతికితే పచ్చి ఆకుకూరల దగ్గర తేలింది. ఊరి మురుగుతో పండిన కూరలు ఊరి భోజనాల్లోకే తిరిగొచ్చాయన్నమాట. ఆ పంట ఆపించాక జబ్బు తగ్గుముఖం పట్టింది.

అదే ఇజ్రాయెల్ ఇప్పుడు తన మురుగునీటిలో 80 శాతానికి పైగా శుద్ధి చేసి పొలాలకు పారిస్తోంది. అందులో పెద్దది టెల్ అవీవ్‌కు దక్షిణాన ఉన్న షఫ్‌దాన్ కేంద్రం. అక్కడా మొదట జరిగేది మన ఎస్‌టీపీల్లో, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో, జరిగేదే. బరువైన మురికి అడుక్కి దిగుతుంది, గాలి కొట్టే తొట్లలో సూక్ష్మజీవులు మిగతాది తింటాయి. బయటికొచ్చే నీళ్లు తేటగానే ఉంటాయి. కానీ వైరస్‌లు, నులిపురుగుల గుడ్లు కంటికి కనబడవు కదా. మన దగ్గర చాలాచోట్ల పని ఇక్కడికే ఆగిపోతుంది.

షఫ్‌దాన్‌లో ఆ నీళ్లను ఇసుక దిబ్బల మధ్య కట్టిన మడుల్లోకి వదులుతారు. ఒక రోజు నింపి, తర్వాత ఒకటి రెండు రోజులు ఆరబెడతారు. మన రైతుకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే ఇసుకకు ఆరుతడి పెట్టడం! ఆరినప్పుడు గాలి లోపలికి వెళ్లి, బాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. తడిసి గాలి ఆడనప్పుడు వేరే బాక్టీరియా ఆ నైట్రేట్‌లో కొంత భాగాన్ని నత్రజని వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తాయి. రోగక్రిములు ఇసుక రేణువులకు అంటుకుని, నెలల తరబడి భూమిలోనే ఉండి చస్తాయి. ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత బావుల్లోంచి తోడి, 1989 నుంచి పెద్ద పైపులైనులో నెగెవ్ ఎడారికి పంపుతున్నారు. పచ్చిగా తినే కూరగాయలకూ ఆ నీళ్లు పెట్టవచ్చు.

ఇసుక మాత్రం ఊరికే చేసిపెట్టలేదు. ఏళ్లు గడిచేకొద్దీ దానిలోని మాంగనీసు కరిగి నీళ్లతో వచ్చి, పైపుల్లో నల్లగా పేరుకోసాగింది. డ్రిప్ వాడే రైతుకు ఇది మామూలు టెన్షన్ కాదు.

నన్నడిగితే క్రిములను చంపడం తేలికే. కష్టమంతా నీళ్లలో కరిగి ఉన్నవాటితో. బట్టల సబ్బు పొడిలోని బోరాన్ శుద్ధి కేంద్రాన్ని దాటి నేరుగా నారింజ, నిమ్మ తోటలకు చేరి ఆకులను మాడుస్తుంది. దాన్ని తీసే యంత్రాలకు పెట్టే ఖర్చు కన్నా రానివ్వకపోవడమే చవక. అందుకే ఇజ్రాయెల్ 1999లో సబ్బు పొడుల్లో బోరాన్‌కు పరిమితి పెట్టింది. మందుల సంగతి ఇంకా చిక్కు. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో 34 మందికి వారం పాటు శుద్ధి చేసిన నీటితో పండిన కూరలు పెడితే, మూర్ఛకు వాడే కార్బమాజెపైన్ వాళ్ల మూత్రంలో కనిపించింది. మందు వేసుకునే రోగుల్లో ఉండేదానితో పోలిస్తే అది వేల రెట్లు తక్కువ. కంగారు పడేంత కాదు, అయినా పూర్తిగా పట్టించుకోకుండా ఉండలేం.

మన పక్కనే, తెలుగు ధారాళంగా వినబడే కోలారు జిల్లాలో, 2018 నుంచి బెంగళూరు మురుగును రెండో దశ వరకే, అంటే సూక్ష్మజీవులు మురికిని తినే దశ వరకే, శుద్ధి చేసి చెరువులు నింపుతున్నారు. చెరువులోంచి నేరుగా మోటారు పెట్టి తోడకూడదు, భూమిలోకి ఇంకిన నీళ్లను బోరులోంచే వాడుకోవాలని నియమం. ఎండిన బోర్లు మళ్లీ పోస్తుంటే రైతు కాదనడు. ఆ తర్వాత మిగిలిన మురికినీ క్రిములనూ తీసే మూడో దశ శుద్ధి కూడా కావాలని అడుగుతున్నవాళ్లూ అక్కడివాళ్లే. వాళ్ల అడగడంలో న్యాయం ఉంది. షఫ్‌దాన్ కింద ఉన్నది మందమైన ఇసుక. కోలారు కింద ఉన్నది గ్రానైటు. రాతి పగుళ్లు దొరికితే నీళ్లు ఆగకుండా, వడకట్టుకోకుండా సర్రున బోరుదాకా పోగలవు.