వియత్నాం గణితం: అపోహలు, వాస్తవాలు

2010 ఆగస్టు 19న హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా నలుగురు గణితవేత్తలు గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం అందుకున్నారు. వారిలో ఒకరు హనోయ్‌లో పుట్టి పెరిగిన ఙో బావో చౌ. ఆ పతకాలను ప్రదానం చేసే అంతర్జాతీయ గణిత మహాసభ భారతదేశంలో జరగడం అదే మొదటిసారి. వియత్నాంలో పుట్టిన వ్యక్తికి ఆ పతకం దక్కడమూ అదే మొదటిసారి. అప్పటి నుంచి విద్యార్థులూ, తోటి అధ్యాపకులూ నన్ను ఆ దేశపు గణితం గురించి అడుగుతూనే ఉన్నారు. నేను బోధించేది ఆప్టిమైజేషన్, అంటే అనుకూలతమ పరిష్కారాలను వెతికే శాస్త్రం. అందులో ఒక ముఖ్యమైన పద్ధతి వియత్నాం గణితవేత్త పేరు మీదే ఉంది కాబట్టి ఆ ప్రశ్నలు నా దగ్గరికి రావడం సహజమే. అయితే అడిగేవారిలో చాలామంది ముందే ఒక అభిప్రాయం ఏర్పరచుకుని వస్తున్నారు. తరచుగా వినిపించే అలాంటి అభిప్రాయాలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: ఙో బావో చౌ ఫ్రాన్స్ తయారు చేసిన గణితవేత్త, వియత్నాం ఆయన పుట్టిన ఊరు మాత్రమే.

వాస్తవం: ఫ్రాన్స్ పాత్ర చాలా పెద్దది, దానిని తగ్గించి చెప్పడం తప్పు. ఆయన పారిస్‌లోని ఎకోల్ నార్మల్‌లో చదివారు, జెరార్ లోమోన్ పర్యవేక్షణలో 1997లో డాక్టరేట్ పూర్తి చేశారు, 2004లో గురువుతో కలిసి క్లే పరిశోధన పురస్కారం అందుకున్నారు. ఫీల్డ్స్ పతకం తెచ్చిపెట్టిన ఫండమెంటల్ లెమా నిరూపణ కూడా ఆ పరిశోధన పరంపరకు చెందినదే. ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. గణితవేత్త రాబర్ట్ లాంగ్లాండ్స్ దీనిని పెద్ద సిద్ధాంతాలకు దారి వేసే చిన్న సహాయక ఫలితంగా భావించి 'లెమా' అని పిలిచారు, కానీ అది దాదాపు మూడు దశాబ్దాలు ఎవరికీ లొంగలేదు. చౌ దానిని సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ) వైపు నుంచి కాక జ్యామితి వైపు నుంచి చేరుకుని సాధించారు.

కానీ పారిస్ చేరేనాటికే ఆయన గణితంలో గట్టి పునాది ఉన్న విద్యార్థి. తండ్రి ఆచార్యుడు, తల్లి సంప్రదాయ వైద్యంలో నిపుణురాలు. హనోయ్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ప్రత్యేక గణిత తరగతిలో చదువుతూ 1988, 1989లలో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో రెండు బంగారు పతకాలు తెచ్చుకున్నారు. పై చదువుకు హంగరీ వెళ్లవలసి ఉండగా, తూర్పు ఐరోపాలో ప్రభుత్వాలు కూలిపోవడంతో ఆ అవకాశం పోయింది, ఆ తరువాతే ఫ్రాన్స్ ఉపకార వేతనం వచ్చింది. ఆ ప్రత్యేక తరగతి ఎక్కడ, ఎప్పుడు మొదలైందో తెలిస్తే తరువాతి అపోహ కూడా వీగిపోతుంది.

అపోహ: యుద్ధం ముగిసి దేశం కుదుటపడ్డాకే అక్కడ పరిశోధన మొదలైంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించే చరిత్ర ఇది, అందుకే కొంచెం విస్తరంగా చెబుతాను.

లే వాన్ థియెమ్ 1918లో జన్మించారు. పారిస్‌లో చదివి, జర్మనీలోని గోటింగెన్‌లో 1945లో డాక్టరేట్ పొందారు. సంకీర్ణ సంఖ్యల ప్రమేయాలను అధ్యయనం చేసే సంకీర్ణ విశ్లేషణలో, నెవాన్లిన్నా సిద్ధాంతం మీద ఆయన చేసిన పనికి ఐరోపాలో గుర్తింపు ఉంది, స్విట్జర్లాండ్‌లో బోధించే అవకాశమూ ఉంది. అయినా 1949లో స్వదేశానికి తిరిగి వచ్చారు. అప్పటికి ఫ్రెంచి సైన్యంతో యుద్ధం జరుగుతోంది. దక్షిణాన అడుగుపెట్టి, ఉత్తరాన కొండల్లో ఉన్న వియెత్ బాక్ ప్రాంతానికి నెలల తరబడి నడిచి చేరుకుని, అక్కడ ఉపాధ్యాయులను తయారు చేసే పనిలో దిగారు. ఆ సంగతి విని, మధ్య వియత్నాంలో పాఠశాల ఉపాధ్యాయుడిగా ఉన్న హ్వాంగ్ తుయ్ అనే యువకుడు 1951లో ఆయన దగ్గర చదువుకోవాలని నడక మొదలుపెట్టాడు. తరువాతి కాలంలో ఆ దేశపు గణితాన్ని నిలబెట్టింది ఈ ఇద్దరే.

అమెరికా బాంబు దాడులు మొదలైన 1965లోనే, సెప్టెంబరులో, హనోయ్ విశ్వవిద్యాలయం గణితంలో చురుకైన పిల్లల కోసం తొలి ప్రత్యేక తరగతిని ప్రారంభించింది. విశ్వవిద్యాలయాన్ని నగరం నుంచి థాయ్ ఙుయెన్ రాష్ట్రంలోని పల్లెలకూ అడవులకూ తరలించినందున ఆ పిల్లలు అక్కడే చదువుకున్నారు. చౌ రెండు దశాబ్దాల తరువాత చదివింది ఆ తరగతి కొనసాగింపులోనే. 1967 నవంబరులో, ఆ కాలపు మహా గణితవేత్తల్లో ఒకరైన అలెగ్జాండర్ గ్రోతెన్‌డీక్ ఉత్తర వియత్నాం వచ్చి కొన్ని వారాల పాటు ఉపన్యాసాలు ఇచ్చారు. హనోయ్‌లో బాంబుల ప్రమాదం పెరగడంతో ఆ ఉపన్యాసాలు కూడా అడవి ప్రాంతానికి మారాయి. తిరిగి వెళ్లాక ఆయన ఒక నివేదిక రాస్తూ, ఉత్తర వియత్నాంలో ఆ పేరుకు తగిన గణిత జీవనం ఉన్నదని ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించినట్లు ప్రకటించి, కళ్లారా చూసిన వివరాలతో దానిని నిరూపించారు. హనోయ్‌లోని గణిత సంస్థ రూపుదిద్దుకున్నదీ యుద్ధ సంవత్సరాల్లోనే. దానికి తొలి సంచాలకుడు లే వాన్ థియెమ్.

ఇదంతా యుద్ధం వల్ల మేలు జరిగిందని చెప్పడానికి కాదు. చదువుకోవలసిన వయసులో యుద్ధరంగానికి వెళ్లి తిరిగిరాని వారి లెక్క ఏ పత్రికలోనూ ప్రచురితమయ్యే ఫలితాల్లో కనిపించదు. మరి ఆ పరిస్థితుల్లో పరిశోధన ఎలా సాగిందని అడిగితే, కొద్దిమంది గురువులు దానిని వాయిదా వేయడానికి ఒప్పుకోలేదన్నదే నాకు తెలిసిన సమాధానం.

అపోహ: వారి లిపి రోమన్ లిపి కాబట్టి ఉన్నత చదువులు ఫ్రెంచిలోనో ఇంగ్లీషులోనో సాగి ఉంటాయి.

వాస్తవం: లిపి వేరు, భాష వేరు. ఫ్రెంచి పాలనలో ఉన్నత విద్య ఫ్రెంచిలో సాగిన మాట నిజమే. కానీ పారిస్‌లో ఇంజినీరింగ్ చదివి వచ్చిన హ్వాంగ్ సువాన్ హాన్ 1942లో గణితం, భౌతికం, రసాయనం, యంత్రశాస్త్రం, ఖగోళశాస్త్రాలకు వియత్నామీస్ పారిభాషిక పదాలతో ఒక నిఘంటువును ప్రచురించారు. 1945లో కొద్ది నెలలు విద్యామంత్రిగా ఉన్నప్పుడు, పాఠశాల విద్యను దేశభాషలోకి మార్చే ప్రణాళికకు రూపకల్పన చేశారు. స్వాతంత్ర్య ప్రకటన తరువాత విశ్వవిద్యాలయ బోధన కూడా ఆ భాషలోనే సాగింది. అడవుల్లో నడిచిన వైద్య కళాశాలలో సైతం పాఠాలు దేశభాషలోనే చెప్పారు.

తెలుగు మాధ్యమంలో లెక్కలు చదువుకున్నవారికి ఆ పదాల నిర్మాణం వెంటనే పరిచయమైనదిగా అనిపిస్తుంది. మనం సంస్కృత ధాతువుల నుంచి 'అవకలనం', 'సమాకలనం' చేసుకున్నట్లే, వారు చీనా మూలపదాల నుంచి తమ మాటలను కూర్చుకున్నారు. సమాకలనాన్ని (ఇంటిగ్రేషన్) వారు 'తిచ్ ఫన్' అంటారు. భాగాలను పోగుచేయడం అని దాని అర్థం. 1968లో ఏర్పడిన మన తెలుగు అకాడమీ కూడా ఇదే పనికి పూనుకుని ఎన్నో మంచి పదాలను ఇచ్చింది. తేడా ఒక్కటే: వారి పదాలు డిగ్రీ తరగతి దాటి పరిశోధక విద్యార్థుల చర్చల వరకూ నిత్యవాడుకలో నిలిచాయి, మనవి చాలావరకు పాఠ్యపుస్తకాల్లోనే ఉండిపోయాయి. అంతర్జాతీయ పత్రికలకు వియత్నాం పరిశోధకులు ఇంగ్లీషులోనే రాస్తారు, ఒకప్పుడు రష్యన్‌లోనూ ఫ్రెంచిలోనూ రాసేవారు. ఆలోచించే భాషకూ ప్రచురించే భాషకూ మధ్య వారికి వైరం కనిపించలేదు.

అపోహ: వియత్నాం గణితం అంటే ఒలింపియాడ్ పతకాలే.

వాస్తవం: 1974లో తొలిసారి పాల్గొన్నప్పుడే ఐదుగురు విద్యార్థుల జట్టు ఒక బంగారు, ఒక వెండి, రెండు కంచు పతకాలతో తిరిగి వెళ్లిందన్నది నిజం. ఆ పరంపర నేటికీ బలంగా ఉంది. అయితే నాలుగున్నర గంటల్లో మూడు ప్రశ్నలు సాధించడానికి కావలసిన నేర్పు, సమాధానం ఉందో లేదో కూడా తెలియని ఒక ప్రశ్నతో పదేళ్లు గడపడానికి కావలసిన ఓర్పు ఒకటి కావు. దీనికి హ్వాంగ్ తుయ్ జీవితమే మంచి ఉదాహరణ. ఆయన ఏ ఒలింపియాడ్‌కూ వెళ్లినవాడు కాదు.

మాస్కోలో 1959లో ఆయన చేసిన డాక్టరేట్ వాస్తవ విశ్లేషణలో. తిరిగి వచ్చాక దేశానికి పనికొచ్చే గణితం కావాలన్న పట్టుదలతో లారీల రవాణా ప్రణాళిక వంటి సమస్యలను తీసుకుని, క్రమంగా ఆప్టిమైజేషన్ వైపు మళ్లారు. ఆయన ఎదుర్కొన్న చిక్కును ఇలా చెప్పవచ్చు. బస్తాకు రవాణా ఖర్చు ఎప్పుడూ ఒకేలా ఉంటే అది డిగ్రీ విద్యార్థులు చేసే లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్క. కానీ నిజజీవితంలో ఎన్ని ఎక్కువ బస్తాలు పంపితే ఒక్కో బస్తాకు అయ్యే అదనపు ఖర్చు అంత తగ్గుతుంది. అప్పుడు ఖర్చు ప్రమేయం పుటాకారంగా (కాన్‌కేవ్) ఉంటుంది. సాధ్యమయ్యే ప్రణాళికలన్నిటినీ ఒక బహుముఖిలోని బిందువులుగా ఊహించుకుంటే, కనిష్ఠ ఖర్చు దాని శీర్షాల్లో, అంటే మూలల్లో, ఏదో ఒకదాని దగ్గరే ఉంటుందని తెలుసు, కానీ శీర్షాలు లక్షల్లో ఉండవచ్చు. పక్క శీర్షాలన్నిటికంటే తక్కువ ఖర్చున్న శీర్షం దగ్గరికి చేరినా, ఎక్కడో దూరంగా ఇంతకంటే తక్కువది లేదన్న హామీ ఉండదు.

1964లో తుయ్ చూపిన మార్గం ఎంతో సరళమైనది, అందమైనది. మనం నిలిచిన శీర్షం నుంచి బయలుదేరే ప్రతి అంచు వెంట, అవసరమైతే అంచు దాటి కూడా, ఖర్చు ఇప్పటివరకు దొరికిన అత్యల్ప విలువ కంటే తగ్గనంత దూరం వెళ్లి ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తులన్నిటి గుండా ఒక తలాన్ని గీస్తే, శీర్షానికీ ఆ తలానికీ మధ్య ఉన్న భాగంలో ఇంతకంటే మంచి పరిష్కారం ఉండదని ప్రమేయపు పుటాకార గుణమే హామీ ఇస్తుంది. ఆ భాగాన్ని కోసి పారేసి, మిగిలినదానిలో వెతకవచ్చు. దీనినే 'తుయ్ కోత' అంటారు. ఈ ఒక్క పద్ధతితోనే పరిష్కారం ఎప్పుడూ ముగింపుకు వస్తుందన్న భరోసా లేదు కాబట్టి తరువాతివారు దీనికి ఎన్నో మెరుగులు దిద్దారు, ఆయనా దిద్దారు. ఏమైనా, అన్నిటికంటే మేలైన పరిష్కారాన్నే వెతికే సార్వత్రిక (గ్లోబల్) ఆప్టిమైజేషన్ అనే శాఖకు ఆరంభం ఆ చిన్న వ్యాసమేనని ఈ రంగంలో పనిచేసే మేమంతా అంగీకరిస్తాం. 2011లో ఈ శాఖలో కృషికి కరథియోడరీ బహుమతిని నెలకొల్పినప్పుడు దానిని మొట్టమొదట ఆయనకే ఇచ్చారు.

ఇదే హ్వాంగ్ తుయ్ 2019లో కన్నుమూసే వరకూ తన దేశపు విద్యావ్యవస్థ మీద నిర్మొహమాటంగా విమర్శలు చేశారు. పరీక్షల కోసమే సాగే చదువు, అధ్యాపకులకు బతుకు గడవని జీతాలు, దానివల్ల పెరిగే ప్రైవేటు ట్యూషన్లు ఆయనను బాధించాయి. తమ తరగతి పిల్లలకే ఉపాధ్యాయులు డబ్బు తీసుకుని బయట పాఠం చెప్పడాన్ని నిషేధిస్తూ అక్కడి ప్రభుత్వం 2025 ఫిబ్రవరి నుంచి నియమం అమలు చేసిందంటే, ఆ సమస్య ఎంత లోతుగా పాతుకుపోయిందో ఊహించవచ్చు. పతకాల పట్టిక చూసి అక్కడి బడులన్నీ ఆదర్శమనుకోవడం సరికాదు.

అపోహ: ఈ రంగంలో అక్కడ స్త్రీలు లేరు.

వాస్తవం: హ్వాంగ్ సువాన్ సిన్ పేరు ఒక్కటి చాలు. యుద్ధకాలంలో పగలు పాఠాలు చెబుతూ, రాత్రి దీపం వెలుగులో గ్రోతెన్‌డీక్ ఉత్తరాల మార్గదర్శకత్వంలో పరిశోధన చేసి, చేతిరాతతో పూర్తి చేసిన సిద్ధాంత వ్యాసాన్ని 1975లో పారిస్‌లో సమర్పించారు. వియత్నాంలో గణితాచార్య పదవి పొందిన తొలి మహిళ ఆమె. ఆ వ్యాసాన్ని, గణిత నిర్మాణాల మధ్య సంబంధాలను అధ్యయనం చేసే వర్గ సిద్ధాంతంలో (కేటగిరీ థియరీ) పనిచేసేవారు నేటికీ ప్రస్తావిస్తారు.

అపోహ: ప్రతిభావంతులందరూ విదేశాలకు వెళ్లిపోయారు.

వాస్తవం: చాలామంది వెళ్లారు, చౌ కూడా షికాగోలో ఆచార్యులయ్యారు. అయితే 2010 చివర్లో హనోయ్‌లో ఏర్పడిన ఉన్నత గణిత అధ్యయన సంస్థకు శాస్త్రీయ సంచాలకుడిగా ఆయనే బాధ్యత తీసుకున్నారు. దేశంలోని చిన్న విశ్వవిద్యాలయాల అధ్యాపకులు బోధన భారం నుంచి కొన్ని నెలలు విడుదలై, అక్కడికి జట్లుగా వచ్చి పరిశోధన చేసుకుని తిరిగి వెళతారు. మన జిల్లాల్లోని కళాశాలల్లో ఒంటరిగా పరిశోధన చేస్తున్నవారికి అలాంటి ఏర్పాటు విలువ ఏమిటో నేను విడిగా చెప్పనవసరం లేదు.

అపోహ: ఙుయెన్ అని పేరున్నవారంతా ఒకే కుటుంబం, పేరులో చివరి మాటే ఇంటిపేరు.

వాస్తవం: వియత్నాం జనాభాలో సుమారు మూడో వంతు మంది ఇంటిపేరు ఙుయెనే. వారి పేరులో ఇంటిపేరు ముందు, సొంత పేరు చివర వస్తాయి, అచ్చం మన పద్ధతిలాగే. పిలిచేటప్పుడు, ఎంత గౌరవంగా పిలిచినా, సొంత పేరుతోనే పిలుస్తారు. అందుకే ఙో బావో చౌ అక్కడ ఆచార్య చౌ. 'తుయ్ కోత'లో ఉన్నదీ ఇంటిపేరు కాదు, సొంత పేరే. గ్రంథసూచికల్లో 'ఙుయెన్, వి.' అని మాత్రమే రాస్తే అది వేలమందిలో ఎవరినైనా సూచించవచ్చు కనుక పేరును పూర్తిగా రాయమని నా పరిశోధక విద్యార్థులకు చెబుతుంటాను. ఉచ్చారణ విషయంలో మాత్రం మనకు ఒక సౌకర్యం ఉంది. పాశ్చాత్యులు తడబడే ఆ తొలి ధ్వనికి మన వర్ణమాలలో, క వర్గం చివర, ఎప్పటి నుంచో ఒక అక్షరం సిద్ధంగా ఉంది: ఙ.