ఫ్రీక్వెన్సీ పెంచితే ఎఫిషియెన్సీ పెరుగుతదా? డీసీ-డీసీ కన్వర్టర్ల మీద అపోహలు, వాస్తవాలు

హన్మకొండల నా రిపేర్ టేబుల్ మీదికి ప్రతి ఏడు ఎండాకాలం బీటెక్ పోరగాళ్ల ప్రాజెక్ట్ బోర్డులు వస్తయి. మొన్న ఒక తమ్ముడు కాలిన బక్ కన్వర్టర్ (ఎక్కువ డీసీ వోల్టేజ్‌ను తక్కువ చేసే బోర్డు) పట్టుకొని వచ్చిండు, ఎల్లుండే వైవా, పాపం ముఖంల నెత్తురు సుక్క లేదు. "అన్నా, 100 కిలోహెర్ట్జ్ నుంచి 400కు పెంచిన, ఎఫిషియెన్సీ పెరుగుతదన్నరు, రెండో మాస్‌ఫెట్ కూడా పోయింది." ఎవలన్నరురా అంటే ఏదో వీడియోల చూసిండట! మాస్‌ఫెట్ అంటే గా బోర్డుల కరెంట్‌ను ఆన్ ఆఫ్ చేసే స్విచ్, అది సెకనుకు ఎన్నిసార్లు ఆన్ ఆఫ్ అయితదో అదే ఫ్రీక్వెన్సీ.

పోరగాళ్ల పైసలు ఎక్కువ తినేది గీ ఒక్క మాటనే. ఫ్రీక్వెన్సీ పెంచితే రిపుల్ (కరెంట్ల ఎగుడుదిగుడు) తగ్గుతది, చిన్న కాయిల్ సరిపోతది, గంతవరకు నిజమే. కానీ మాస్‌ఫెట్ ఆన్ అయినప్పుడు, ఆఫ్ అయినప్పుడు వోల్టేజ్, కరెంట్ రెండూ ఒకేసారి దాని మీదనే ఉంటయి, ఉండేది నానోసెకన్లే గానీ సెకనుకు 4 లక్షల సార్లు ఉంటయి కదా. వాని బోర్డు లెక్కనే చూడుండ్రి: ఇన్‌పుట్ 24 వోల్టులు, కరెంట్ 5 ఆంప్స్, ఆన్ ఆఫ్ టైములు కలిపి 100 నానోసెకన్లు అనుకుంటే 100 కిలోహెర్ట్జ్ మీద స్విచింగ్ లాస్ 0.6 వాట్స్, 400 మీద 2.4. వాడు పెట్టిన మాస్‌ఫెట్ ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్, అది హీట్‌సింక్ లేకుండ వాట్‌కు 62 డిగ్రీలు ఎక్కుతది, అంటే ఇక్కడి 40 డిగ్రీల ఎండకు ఇంకో 149 కలుస్తది. దాని లిమిట్ 175. ఇగ కాలకేం చేస్తది!

సరే మళ్ల 100కు తెచ్చినం, మాస్‌ఫెట్ మార్చినం, అయినా కాయిల్ సుర్రుమంటున్నది. అడిగితే అప్పుడు చెప్పిండు, 47 మైక్రోహెన్రీది పీకేసి 10ది పెట్టిండట. 12 వోల్టుల ఔట్‌పుట్‌కు 100 కిలోహెర్ట్జ్ మీద దాంట్ల రిపులే 6 ఆంప్స్, పీక్ 8 దాక పోతది, ఆ కాయిల్ లోపలి చిన్న కోర్ సాచురేట్ అయితున్నది, అంటే ఇంక అయస్కాంత శక్తి పట్టలేక నిండిపోతున్నది. పాత కాయిల్ బ్యాగ్ జేబుల కాగితంల చుట్టి దాచుకున్నడు, అదే మళ్ల పెట్టినం, చల్లగైంది.

లోడ్ తక్కువుంటే ఎఫిషియెన్సీ ఎక్కువ అనేది కూడా ఉత్తదే. గేట్ డ్రైవ్ (మాస్‌ఫెట్‌ను ఆన్ ఆఫ్ చేసేటందుకు పట్టేది), ఐసీ తినే కరెంటు లోడ్ ఉన్నా లేకున్నా ఉంటది, ఔట్‌పుట్‌ల 50 మిల్లీఆంప్సే పోతుంటే ఆ ఖర్చే పెద్దగ కనబడ్తది. లోడ్ మరీ పెంచినా లాభం లేదు, కరెంట్ రెండింతలైతే వైర్ల, మాస్‌ఫెట్‌ల లాస్ నాలుగింతలు.

గీ తక్కువ లోడ్ మీదనే కొన్ని చిప్‌లు పల్స్‌లు వదిలేస్తయి, ఆ పల్స్‌ల ఫ్రీక్వెన్సీ చెవికి ఇనబడే రేంజ్‌లకు దిగితే కాయిల్, సెరమిక్ కెపాసిటర్ సన్నగ కుయ్యిమంటయి. మా బాపు గది ఇని పేలుతదేమో అని రాత్రిపూట రౌటర్ ప్లగ్ పీకేస్తుండె. ఉత్త కూతకు భయపడకుండ్రి, వేడి, కాలిన వాసన ఉంటేనే పీకుండ్రి.

ఇంకోటి, ఎల్ఎం2596 అనే బక్ చిప్ ఉన్న బోర్డు మీది నీలం పాట్ (స్క్రూ లెక్క తిప్పేది) తిప్పితే ఫ్రీక్వెన్సీ మారదు, అది 150 కిలోహెర్ట్జ్ మీద ఫిక్స్. మారేది ఔట్‌పుట్ వోల్టేజ్. మల్టీమీటర్ పెట్టకుండ తిప్పి 5 వోల్టుల కెమెరాకు 11 ఇచ్చినోళ్లు ఈ నెలల ఇద్దరు వచ్చిండ్రు.