“హార్డ్ డిస్క్ నా దగ్గరే ఉంది కదా!” - ప్లేస్టేషన్ సేవ్‌లపై అపోహలు, వాస్తవాలు

గేమ్ కన్సోళ్లు రిపేరు చేసేవాడిగా నేను పదే పదే వినే మాట ఒకటుంది. “మెషిన్ పోతే పోయింది సార్, హార్డ్ డిస్క్ తీసి దాచుకున్నాను. ఇంకో పీఎస్3 (ప్లేస్టేషన్ 3) కొని అందులో వేసుకుంటాను.” ఇది వినగానే నేను అడిగే మొదటి ప్రశ్న: “వేసేశారా? ఫార్మాట్ చేయమంటే, అంటే డిస్క్ మొత్తం తుడిచేయమంటే, ఓకే కొట్టారా?” కొట్టి ఉంటే ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు.

అపోహ: హార్డ్ డిస్క్ తీసి అదే మోడల్ మెషిన్‌లో పెడితే సేవ్‌లన్నీ (గేమ్‌లో ఎంతవరకు ఆడామో దాచుకున్న ఫైళ్లు) వచ్చేస్తాయి.

రావు. పీఎస్3లో రావు, పీఎస్4లోనూ రావు. ఈ ఒక్క అపోహ వల్ల పోయినన్ని సేవ్‌లు పాడైపోయిన డిస్క్‌ల వల్ల కూడా పోలేదని నా నమ్మకం.

ఇలా అనుకోవడంలో జనం తప్పేమీ లేదు. ఒకప్పుడు అది నిజమే. 1994 డిసెంబరులో మొదటి ప్లేస్టేషన్ వచ్చినప్పుడు సేవ్‌లు మెషిన్‌లో ఉండేవి కావు, మెమరీ కార్డులో ఉండేవి. 128 కేబీ కార్డు, అందులో 15 బ్లాకులు. జేబులో వేసుకుని స్నేహితుడి ఇంటికి వెళ్లి, అతని మెషిన్‌కి తగిలిస్తే ఆపిన చోటు నుంచే ఆడుకోవచ్చు. 2000లో వచ్చిన పీఎస్2లో కార్డు 8 ఎంబీ అయింది, పద్ధతి మాత్రం అదే. మెషిన్ చచ్చినా కార్డు బతికే ఉండేది. పదేళ్లకు పైగా ఆ అలవాటులో పెరిగినవాళ్లు హార్డ్ డిస్క్‌ని కూడా పెద్ద మెమరీ కార్డు అనుకోవడం సహజం.

2006లో పీఎస్3తో లెక్క మారింది. సేవ్‌లు లోపలి హార్డ్ డిస్క్‌లోకి వెళ్లాయి. అది లాప్‌టాప్‌లో వాడే మామూలు 2.5 అంగుళాల సాటా డిస్కే. పైగా దాన్ని మార్చుకునే పద్ధతి కంపెనీ మాన్యువల్‌లోనే ఇచ్చింది. స్క్రూలు విప్పితే చేతికి వచ్చేస్తుంది కాబట్టి ఎక్కడైనా పనిచేస్తుందనే భ్రమ కలుగుతుంది. కానీ మాన్యువల్ చెప్పింది ఖాళీ డిస్క్ వేసుకోవడం గురించే.

అసలు సంగతి ఏమిటంటే, ఆ డిస్క్‌లో రాసినదంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే రహస్య లిపిలోకి మారి ఉంటుంది. దాన్ని విప్పే కీ ప్రతి మెషిన్‌కీ వేరు, అది మదర్‌బోర్డు మీదే ఉంటుంది. మీ డిస్క్ ఇనప్పెట్టె అనుకుంటే, దాని తాళంచెవి మీరు పాతసామాన్లకు వేయబోతున్న ఆ బోర్డులో ఉంది. ఒకే మోడల్, ఒకే నెలలో తయారైన రెండు మెషిన్‌లైనా సరే, ఒకదాని డిస్క్ ఇంకోదానికి చెత్తలాగే కనిపిస్తుంది. అందుకే ఫార్మాట్ చేయాలంటుంది.

ఒక అబ్బాయి వచ్చాడు. ఏళ్ల తరబడి వాళ్ల అన్నతో కలిసి ఆడిన ఫుట్‌బాల్ కెరీర్ పీఎస్3లో ఉంది. మెషిన్ ఆన్ కావడం లేదు. ఎవరో వీడియోలో చెప్పారని సెకండ్ హ్యాండ్ పీఎస్3 కొని డిస్క్ అందులో వేశాడు. ఫార్మాట్ అడిగితే, డిస్క్‌ని కొత్త మెషిన్‌కి పరిచయం చేస్తోంది కాబోలు అనుకుని ఎస్ కొట్టాడు. అంతా ఖాళీ. పాత మెషిన్ నా దగ్గరికి తెస్తే చూశాను. పోయింది పవర్ సప్లై మాత్రమే, బోర్డు నిక్షేపంగా ఉంది. నేను ఆ పవర్ సప్లై మార్చేసరికి మెషిన్ లేచింది కానీ, అందులో వేయడానికి పాత డేటా లేదు. అతనికి ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

కాబట్టి టెన్షన్ పడకుండా ఇది గుర్తుపెట్టుకోండి. డిస్క్‌ని వేరే కన్సోల్‌లో పెట్టినా, ఫార్మాట్‌కి ఒప్పుకోకపోతే ఏమీ పోలేదు. తీసి పాత మెషిన్‌లోనే పెట్టండి. కంప్యూటర్‌కి తగిలించినప్పుడు ఇనిషియలైజ్ చేయమని అడిగితే అక్కడా వద్దనండి. “సాఫ్ట్‌వేర్‌తో రికవరీ చేస్తాం” అనేవాళ్లను ఒకటే అడగండి: నా బోర్డు లేకుండా ఎలా విప్పుతారు? నేనైతే అలాంటి కేసుల్లో ముందు అసలు బోర్డుని బతికించడానికే ప్రయత్నిస్తాను. అది కొన్ని గంటలు నిలబడినా బ్యాకప్ తీసుకోవచ్చు.

దీనికి తిరగేసి కూడా చెప్పాలి. బోర్డు బాగుండి డిస్క్ మూలుగుతుంటే, దాన్ని సెక్టార్ సెక్టార్‌గా ఇంకో డిస్క్‌లోకి క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కాపీ తీసి) అదే మెషిన్‌లో పెడితే పనిచేస్తుంది. చదవగలిగినంత వరకు బయటపడుతుంది. పూర్తిగా ఆగిపోయే దాకా ఆడుతూ కూర్చోవద్దు.

రిపేరుకి ఇచ్చేటప్పుడు “బోర్డు రిపేరు చేస్తారా, బోర్డే మారుస్తారా?” అని తప్పకుండా అడగండి. బోర్డు మార్చేస్తే, మీ డిస్క్ మీకే తిరిగి ఇచ్చినా అందులోది మీకు దక్కదు. ఒకావిడ తన కొడుకు పీఎస్4ని తెచ్చి, టీవీలో బొమ్మ రావట్లేదు, వాడి గేములన్నీ పోయాయని కంగారుపడ్డారు. విరిగింది హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు. దాన్ని మార్చి ఇచ్చాను, సేవ్ ఒక్కటి కూడా కదల్లేదు. ఎక్కడైనా బోర్డే మార్చేసి ఉంటే ఆవిడ భయం నిజమయ్యేది.

అపోహ: పీఎస్3లో పసుపు లైటు వస్తే హీట్ గన్‌తో వేడి చేస్తే చాలు.

దయచేసి చేయకండి. పసుపు లైటు హార్డ్‌వేర్ లోపం అని మాత్రమే చెబుతుంది, ఏ లోపమో చెప్పదు. వేడి చేస్తే కొన్నిసార్లు మెషిన్ లేస్తుంది, ఆ కాసేపటి వైభవాన్ని వీడియో తీసి పెడతారు. మళ్లీ పడిపోయిన సంగతి ఎవరూ పెట్టరు. ఒవెన్‌లో పెట్టి బోర్డు వంకర పోయేలా చేసి తెచ్చినవాళ్లున్నారు. డిస్క్ విప్పే కీ ఉన్నది ఆ బోర్డులోనే కదా! హీట్ గన్‌తో ఎలాగైనా లేస్తే మాత్రం, గేమ్ ఆడకండి. ముందు బ్యాకప్ తీయండి.

అపోహ: ట్రోఫీలు (గేమ్‌లో సాధించినవాటికి ఇచ్చే గుర్తులు) అకౌంట్‌లో కనిపిస్తున్నాయి, సేవ్‌లు కూడా అక్కడే ఉంటాయి.

ట్రోఫీలు, కొన్న గేములు అకౌంట్‌కి చెందినవి. సేవ్‌లు మెషిన్‌లో ఉంటాయి. పీఎస్ ప్లస్ (డబ్బు కట్టి తీసుకునే సభ్యత్వం) ఉండి, అప్‌లోడ్ జరిగి ఉంటేనే క్లౌడ్‌లో దొరుకుతాయి. ఆటోమేటిక్ అప్‌లోడ్ ఆన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. పీఎస్4లో డబ్బు కట్టకుండానే సేవ్‌లను యూఎస్‌బీలోకి కాపీ చేసుకోవచ్చు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తగిలించుకుని గేములు అందులో వేసుకున్నవాళ్లు మాత్రం జాగ్రత్త, గేమ్ బయట ఉన్నా సేవ్ లోపలే ఉంటుంది.

2020 నాటి పీఎస్5తో ఇది ఇంకా కఠినమైంది. లోపలి 825 జీబీ ఎస్‌ఎస్‌డీ చిప్‌లు బోర్డు మీదే అతికి ఉంటాయి, తీసి దాచుకోవడానికి డిస్కే లేదు. పీఎస్5 గేముల సేవ్‌లను ఒక్కొక్కటిగా యూఎస్‌బీలోకి కాపీ చేసుకునే వీలూ లేదు. మీరు అదనంగా వేసుకున్న ఎం.2 డ్రైవ్‌లోకి (చిన్న ఎస్‌ఎస్‌డీ కార్డులోకి) గేములు వెళ్తాయి, సేవ్‌లు వెళ్లవు. క్లౌడ్ వాడండి, లేదా మెషిన్ బాగున్నప్పుడే ఇంకో పీఎస్5కి ట్రాన్స్‌ఫర్ చేసుకోండి.

మిగతావి గబగబా.

కొత్త ప్లేస్టేషన్ పాత డిస్క్‌లన్నీ ఆడుతుందన్నది తప్పు. పీఎస్2 పీఎస్1 డిస్క్‌లు ఆడింది. పీఎస్3లన్నీ పీఎస్1 డిస్క్‌లు ఆడతాయి, పీఎస్2 డిస్క్‌లు మాత్రం తొలి మోడళ్లలో కొన్నే ఆడతాయి. పీఎస్4 వీటిలో ఏదీ ఆడదు, సీడీ చదవడం కూడా దానికి రాదు. పీఎస్5 పీఎస్4 గేములను దాదాపు అన్నింటినీ ఆడుతుంది, అంతకు ముందువి కాదు. పాతది అమ్మేముందు ఇది చూసుకోండి.

పీఎస్1 డిస్క్ అడుగు నల్లగా ఉండటం కాపీ రక్షణ కాదు. ఆ నలుపు లోంచి లేజర్ మామూలుగానే వెళ్తుంది. అసలు రక్షణ డిస్క్ లోపలి భాగంలో ట్రాక్‌కి ఇచ్చిన సన్నని ఊగిసలాటలో ఉంది.

పీఎస్3, పీఎస్4 డిస్క్ డ్రైవ్ పాడైతే పాత డ్రైవ్‌ని పారేయకండి. చాలా మోడళ్లలో దాని సర్క్యూట్ బోర్డు మీ మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటుంది. అలాంటివాటిలో కొత్త డ్రైవ్‌కి ఆ పాత బోర్డే బిగించాలి, లేకపోతే గేములు ఆడవు.

ఇక బోర్డు మీది బటన్ బ్యాటరీ. అది మారిస్తే సేవ్‌లు పోతాయని భయపడి చాలామంది ముట్టుకోనివ్వరు. పోయేది గడియారం టైము మాత్రమే. బ్యాటరీ అయిపోతే పీఎస్4 గేములే ఆడనివ్వదన్న గొడవ 2021 సెప్టెంబరులో వచ్చిన 9.00 అప్‌డేట్‌తో తీరిపోయింది.